పోనీ అన్న మాట

విశాఖపట్నం,
ఆస్పత్రి, మూడో వార్డు,
జూన్ 9.

కుమారీ,

ఉత్తరమంటే ముందు వందనాలు చెప్పాలని నాన్నగారు నేర్పారు. వందనాలు. అయిపోయింది.

నా ఫోను మొన్న గోడకేసి కొట్టాను. మన జీపుల క్లబ్బు గ్రూపులో ఎవడో ఆ రోజు వీడియో పెట్టాడు. ఇసుకలో పడి నేను అరుస్తున్నది. దాని కింద డెబ్బై మంది దణ్ణం పెట్టే బొమ్మలు పెట్టారు. కొత్త ఫోను వద్దన్నాను. ఈ వార్డు అటెండరు ముసలయ్య కాగితాలూ కవర్లూ తెచ్చిచ్చాడు. నీతో అయితే ఉత్తరమే నయం. ఫోనులో నువ్వు ఎప్పుడు మాట్లాడావు కనక. అవతల ఊపిరి వినిపిస్తుంది, అంతే.

రెండో కాలు కూడా మే నెలాఖరున తీసేశారు. రెండూ మోకాలి పైనుంచి. తొడలు పొడుగ్గా మిగిలాయి, అదృష్టమే అంది డాక్టరమ్మ. చూశావా, ఇరవయ్యారేళ్ళకి మొదటిసారి నువ్వు మీ అన్నయ్యకంటే పొడుగయ్యావు.

ఇప్పుడు పని. బుల్లబ్బాయి మీద పెట్టిన కేసు నిలవదంటున్నారు మన వకీలు సత్తిరాజు గారు. గణేష్‌బాబూ మిగతా క్లబ్బు వాళ్ళూ పోలీసులకి ఒకటే చెప్పారట. కుమారి "పోనీ" అంది, వదిలెయ్యమని అంది, జీపులో కూర్చున్న వెధవకి పొమ్మన్నట్టు వినపడింది అని. ఆ మాట రెండు వైపులా తిరుగుతుందట. కోర్టులో అలాంటి మాట పనికిరాదట.

అంచేత నువ్వు నీ కాన్వెంటు దస్తూరీతో ఒక కాగితం రాసి ఆయనకి ఇవ్వాలి. "నేను ఆపండి అని అరిచాను. బుల్లబ్బాయి వినిపించుకోకుండా జీపు వెనక్కి పోనిచ్చాడు." రెండే వాక్యాలు. ఆపండి అనే మాట తిరగదు. వాడి లైసెన్సు పోవాలి, వాడు లోపలికి పోవాలి. నా కాళ్ళు తీసినవాడు స్కూలు బస్సు తోలుకుంటూ పిల్లల చేత అంకుల్ అనిపించుకోకూడదు.

ఇంకో పని. దున్న ఇంకా గోదావరి లంక ఇసుకలోనే ఉందిగా. ఇన్స్‌పెక్టరు కొలతలు తీసుకోవడం అయిపోయిందట. నది పొంగక ముందే నా జీపు పైకి లాగించు.

నీ అన్న,
శ్యాంబాబు


రాజమండ్రి,
జూన్ 20.

అన్నయ్యా,

ఉత్తరం అందింది.

షెడ్డుకి తాళం వేశాను. నువ్వు గుద్దే బ్యాగు దూలానికి అలాగే వేలాడుతోంది. కింద అతుకు ఊడి రంపపు పొట్టు కారుతోంది. నీ బూట్లు ఆరు జతలున్నాయి, సైజు తొమ్మిది. రెండు జతలు కొత్తవి, పెట్టెలోంచి తియ్యలేదు. ఏం చెయ్యమంటావో రాయి.

సత్తిరాజు గారిని కలిశాను. "శ్యాంబాబు చెప్పింది సరేనమ్మా, ముందు జరిగింది జరిగినట్టు రాసి తెండి, తరవాత దిద్దుకుందాం" అన్నారు. రాయడం మొదలుపెట్టాను. నీకు చూపిస్తున్నాను. తప్పులుంటే చెప్పు.

"ఏప్రిల్ 21, ఆదివారం. నేను చర్చికి బయలుదేరాను. మా అన్నయ్య వద్దన్నాడు. ఇసుకలో బండికి దారి చూపించి సైగలు చెయ్యడానికి మనిషి కావాలన్నాడు. చీరలో ఎక్కాను.

"ఆరు జీపులు. నది పాయ ఎండి ఇసుక బయటపడింది. లంక దగ్గర అందరూ దిగి టైర్లలో గాలి సగానికి తీసేశారు. గాలి తగ్గితే టైరు ఇసుక మీద పరుచుకుంటుంది, దిగబడదు. మా అన్నయ్య తియ్యలేదు. దున్నకి అక్కర్లేదన్నాడు. దున్న అంటే అతను మూడేళ్ళుగా మార్చుకుంటూ వచ్చిన జీపు. నాలుగంగుళాలు ఎత్తు పెంచాడు. కంపెనీ బంపరు తీసేసి ఇనప చానల్‌తో సొంతంగా వెల్డింగు చేసుకున్నాడు.

"తడి ఇసుకలో దున్న ఇరుసుదాకా దిగింది. టైర్ల కింద వెయ్యాల్సిన చెక్కలు తేవడం మరిచిపోయాం. మా అన్నయ్య నా సంచి విప్పాడు. అందులో మా కాలేజీ లైబ్రరీ నిఘంటువు ఉంది. అట్ట ఊడిపోతే కుట్టడానికి ఇంటికి తెచ్చుకున్నాను. 'ఇంత లావు మాటల పుస్తకం మోస్తావు, నీకు మాటలు రాలేదేంటే' అన్నాడు. అందరూ నవ్వారు. నిఘంటువు ఎడమ టైరు కింద పెట్టాడు. కుడి టైరు కింద నా రాతపుస్తకం పెట్టాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. పేజీలు వెనక్కి ఎగిరాయి. గణేష్‌బాబు గారు ఒక పేజీ గాలిలో పట్టుకుని, 'మ అక్షరం వచ్చింది రోయ్, మూగ, మూగది, మూగనోము' అని పైకి చదివారు. అందరూ నా వైపు చూశారు. నేను 'పోనీలే' అన్నాను. అది విని మళ్ళీ నవ్వారు.

"అప్పుడు బుల్లబ్బాయి గారు తమ జీపు ముందుకి తెచ్చి, వెనక భాగం మా వైపు పెట్టి నిలిపారు. లాగే పట్టీ జానెడు తక్కువైంది. మా అన్నయ్య రెండు జీపుల మధ్యకి వెళ్ళి వంగున్నాడు. నన్ను పక్కన నిలబెట్టాడు. ఇంజను నడుస్తోంది. బుల్లబ్బాయి గారు తల బయటపెట్టి 'ఏం చెయ్యమంటారండి?' అని నన్ను అడిగారు."

ఇక్కడి దాకా వచ్చింది. తరువాతి వాక్యం ఇంకా కుదరలేదు.

ఇన్స్‌పెక్టరు గారు చెప్పిన మాట ఒకటి నీకు తెలియాలి. కంపెనీ బంపరయితే అంత నెమ్మదిగా తగిలినప్పుడు విరిగిపోయేదట, మోకాళ్ళు చితికేవి కావట. ఇనప చానల్ వంగలేదు. బుల్లబ్బాయి గారి బంపరు ఎవరు చేశారని అడిగారు. అదీ నువ్వే చేశావని చెప్పాను.

దేవకుమారి


విశాఖపట్నం,
జూలై 2.

కుమారీ,

రెండు వాక్యాలు రాయమంటే కథ రాశావు. నిఘంటువు గురించి ఎవడడిగాడు? నువ్వు చీర కట్టుకున్నావో గౌను వేసుకున్నావో జడ్జీకి కావాలా? బంపర్ల సంగతి ఇంకోసారి ఎత్తితే ఊరుకోను. నా వెల్డింగు గట్టిది. వెల్డింగు గట్టిగా ఉండటం తప్పని చెప్పే ఇన్స్‌పెక్టరు ముందు తన ఉద్యోగం మానెయ్యాలి.

బూట్లు బుల్లబ్బాయి గుమ్మం ముందు వరసగా పెట్టిరా. ఆరు జతలూ.

ఇక్కడ నా సంగతి. కూర్చోబెట్టి చేతులతో కసరత్తు చేయిస్తున్నారు. పిల్లలాడుకునే రబ్బరు బంతులు ఇచ్చింది ఫిజియోథెరపీ పిల్ల. నేను బాక్సింగు చేసేవాణ్ణమ్మా, గుద్దడానికి ఏమైనా పెట్టు అన్నాను. దిండు పెట్టమంది. ముసలయ్య దిండు పట్టుకుంటాడు. అరవై ఏళ్ళుంటాయి. ఎడమ, కుడి చెప్పి, చెప్పకుండా మూడోది వేస్తాను. నిన్న దిండు జారింది. పన్ను కదిలిందట. "పర్లేదు బాబూ" అన్నాడు, అచ్చం నీలాగే. నీ జాతి మనుషులు అన్ని ఊళ్ళలోనూ ఉంటారు.

బుల్లబ్బాయిని స్కూలు వాళ్ళు బస్సు దింపేశారని గణేష్‌బాబు రాశాడు. బాగుంది. వాడు ఏం తింటున్నాడు, ఎలా పడుకుంటున్నాడు, అన్నీ కనుక్కుని రాయి. ఇక్కడ నాకు వేరే కాలక్షేపం లేదు.

ఆ తరువాతి వాక్యం నేనిచ్చానుగా. దాన్ని దించడానికి ఇన్నాళ్ళెందుకు?

శ్యాంబాబు


రాజమండ్రి,
జూలై 14.

అన్నయ్యా,

బుల్లబ్బాయి గారి గురించి రాయమన్నావు.

ఆయన మొన్న మంగళవారం లైబ్రరీకి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచారు. ఇక్కడ విడవక్కర్లేదండి అన్నాను. "అలవాటండి" అన్నారు. పేపర్ల బల్ల దగ్గర కూర్చుని పేపరు తిరగేసి పట్టుకున్నారు. చివరికి నా దగ్గరికి వచ్చారు.

"కుమారమ్మ గారూ, ఒక్క మాట అడగనా అండి?"

అడగమన్నాను.

"మీరు ఏ పోనీ అన్నారండి? వదిలెయ్యమన్న పోనీయా, తోలమన్న పోనీయా? ఊళ్ళో అందరూ వదిలెయ్యమనే అన్నారంటున్నారు. ఆడపిల్ల పోనీ అంటే అర్థం తెలీదా, దున్నపోతా అని మా ఆవిడే తిడుతోంది. నేను బస్సు తోలి పద్నాలుగేళ్ళయింది. క్లీనరు వెనకనుంచి పోనీ అంటే తోలడమేనండి. ఇంకో అర్థం నాకు తట్టలేదు. ఇప్పుడు గేరు మీద చెయ్యి వెయ్యలేకపోతున్నానండి."

నేను పుస్తకాల మీద ముద్రలు వేస్తూ ఉండిపోయాను.

"మీరేం అనుకోకండి. మీ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అంతకుముందు తెలీదండి," అని, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయారు.

ఏం తింటున్నారో కనుక్కోలేదు. చొక్కా వదులైంది.

బూట్లు ఆయన గుమ్మం ముందు పెట్టలేదు. మన చర్చిలో సామాన్లు పంచే రోజు ఇచ్చేశాను. కొత్త జతల్లో ఒకటి తాపీ పనివాడికి సరిపోయింది. అతను అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. బాగా నడుస్తున్నాయి.

ముసలయ్య గారి పన్ను గురించి చదివాక నాకు మన షెడ్డు గుర్తొచ్చింది. నాకు పదిహేను, నీకు ఇరవై. కాన్వెంటు నుంచి రాగానే యూనిఫాంలోనే చేతులకి ప్యాడ్లు తొడిగేవాడివి. ఎడమ, కుడి అని చెప్పేవాడివి. చెప్పని మూడోది ఎప్పుడూ ఉండేది. పడిపోతే ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడివి. "లే" అనేవాడివి. "ఎనిమిది లోపల లేవాలి, అది రూలు. లే." ఎనిమిది దాటితే బకెట్టుతో నీళ్ళు. తరువాత నీ స్నేహితుల ముందు "మా చెల్లికి దెబ్బ తగలదురా, తగిలితే చెప్పేది కదా" అనేవాడివి. నేను పోనీలే అనేదాన్ని. అంటే ఆ రోజుకి వదిలిపెట్టేవాడివి. ఆ మాట అలా నేర్చుకున్నాను.

పదో తరగతిలో మణికట్టు విరిగింది. మెట్ల మీద పడ్డానని సిస్టరు గారికి చెప్పాను. "ఏ మెట్లు?" అన్నారావిడ. మనది మెట్లు లేని ఇల్లని ఆవిడకి తెలుసు. పోనీలెండి సిస్టర్ అన్నాను. పరీక్షలు ఎడమ చేత్తో రాశాను. ఆ తరువాత కుడిచేతిలో కలం నిలవలేదు. నువ్వు కాన్వెంటు దస్తూరీ అంటున్నది నా ఎడమచేతి రాత. ఇన్నేళ్ళూ నువ్వు గమనించలేదు.

వాక్యం ఇంకా రాయలేదు.

దేవకుమారి


విశాఖపట్నం,
జూలై 23.

వరద వార్త పేపర్లో చూశాను. మిగతా సోది వద్దు. దున్న?

శ్యాం


రాజమండ్రి,
జూలై 28.

అన్నయ్యా,

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారు. రెండు రోజుల తరువాత రెండోది. లంక మీద ఇప్పుడు ఇసుక లేదు. ఎర్ర నీళ్ళున్నాయి. గట్టు మీదికి వెళ్ళి చూశాను. మొదటి రోజు సాయంత్రం దున్న మీదికి నువ్వు ఎత్తుగా పెట్టించిన గాలి గొట్టం కనపడింది. నీళ్ళలో కూడా ఇంజను ఊపిరి పీలుస్తుందని చెప్పేవాడివి. మర్నాడు ఉదయం అదీ కనపడలేదు.

నువ్వు అడుగుతావు కాబట్టి చెబుతున్నాను. వరదకి ముందు, పదహారో తారీఖున, బుల్లబ్బాయి గారు ట్రాక్టరు మాట్లాడుకుని, తాడు వేసుకుని మన ఇంటికి వచ్చారు. "మీ అన్నగారి బండి లాగేస్తానండి, ఆ పాటి పనైనా చెయ్యనివ్వండి" అన్నారు.

పోనీ అన్నాను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. మొహం పాలిపోయింది. "ఏ పోనీ అండి?" అన్నారు.

వదిలెయ్యండి అని విడమరిచి చెప్పాను. ఆయ్ అని వెళ్ళిపోయారు.

దేవకుమారి


విశాఖపట్నం,
ఆగస్టు 11.

ఒసేయ్ కుమారీ,

రెండు వారాలు నీకు రాయలేదు. రాస్తే కాగితం చిరిగిపోయేలా ఉంది. ఇప్పుడు చల్లబడ్డాను. అన్నీ తీరిగ్గా రాస్తున్నాను, తీరిగ్గా చదువుకో.

మూడేళ్ళు ఆ జీపు కింద పడుకున్నాను. దాన్ని నువ్వు నీళ్ళకిచ్చావు. సరే. అది నీకు సంతోషమిచ్చింది. గట్టు మీద నిలబడి చూశానని రాశావే, ఎంతసేపు చూశావో కూడా రాయాల్సింది.

నేను నీకు చెప్పనిది ఒకటుంది. పోలీసులకీ చెప్పలేదు, వకీలుకీ చెప్పలేదు.

ఆ రోజు పట్టీ కొక్కేనికి అందక నేను తలెత్తాను. నువ్వు నన్నే చూస్తున్నావు. ముందు నా మోకాళ్ళు చూశావు, రెండు బంపర్ల మధ్య ఎంత ఖాళీ ఉందో చూశావు. తరవాత నా మొహం చూశావు. అప్పుడు బుల్లబ్బాయి వైపు తిరిగి ఆ మాట అన్నావు. అనలేదు. అరిచావు. వాడి జీపు సైలెన్సరు నేను మార్చింది, దాని చప్పుడు నాకు తెలుసు. పక్కన పిడుగు పడినా లోపల కూర్చున్నవాడికి వినపడదు. వాడికి నీ మాట వినపడింది. నాకూ వినపడింది. పుట్టి ఇరవయ్యారేళ్ళలో నువ్వు అరవడం అదే మొదటిసారి.

పోనీలే అనుకునేవాళ్ళు అరుస్తారటే?

గణేష్‌బాబు లాంటి సన్నాసులకి ఇది తట్టదు. నాకు ఇసుక మీద పడిన క్షణంలోనే తట్టింది. అయినా బుల్లబ్బాయి మీదే పెట్టాను కేసు. ఎందుకంటే నువ్వు జైలుకి పోతే నాకేం లాభం? నువ్వు నాకు బయట కావాలి.

ఇక విను. సెప్టెంబరు పదిహేనున నన్ను పంపించేస్తున్నారు. నేను వచ్చేసరికి మూడు జరగాలి. ఆపండి అన్నానని కాగితం సత్తిరాజు గారి చేతిలో ఉండాలి. లైబ్రరీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఉండాలి. షెడ్డు వెనక గదిలో నాకు మంచం, పక్కన నీకు చాప. నన్ను ఎత్తడం, దించడం, కడగడం అన్నీ నువ్వే. ఆయాలు వద్దు. పొద్దున్నే ప్యాడ్లు. నువ్వు మోకాళ్ళ మీద కూర్చుని పట్టుకో, నా ఎత్తుకి సరిగ్గా సరిపోతుంది.

ఇవి జరగకపోతే నేను చూసింది పోలీసులకి చెబుతాను. ఒక్క కార్డు ముక్క చాలు. నువ్వెంత మంచిదానివో, ఎంత మౌనమో, చర్చిలో పాస్టరు గారి దగ్గర్నుంచి కాన్వెంటు సిస్టర్ల దాకా అందరికీ తెలియాలిగా.

నువ్వు ఏం చేస్తావో నాకు తెలుసు. ఇప్పుడీ ఉత్తరం మడిచి, పోనీలే అంటావు.

నీ అన్న,
శ్యాంబాబు


సెప్టెంబరు 3.

అన్నయ్యా,

ఊరు పేరు రాయడం లేదు. జవాబు రాయాల్సిన అవసరం ఉండదు కనక.

నీ ఉత్తరం పదహారున వచ్చింది. రెండుసార్లు చదివాను. నువ్వు రాసింది నిజం. మోకాళ్ళు చూశాను, మొహం చూశాను. ఒక్కటి వదిలేశావు. నువ్వు తలెత్తినప్పుడు నవ్వుతున్నావు. నీ చొక్కా జేబులో నిఘంటువు పేజీ ఉంది, చెమట తుడుచుకోవడానికి పెట్టుకున్నావు. అది కూడా చూశాను.

పదిహేడున పోలీసు స్టేషనుకి వెళ్ళాను. జూన్‌లో మొదలుపెట్టిన కాగితం తీసుకెళ్ళాను. తరువాతి వాక్యం ముందురోజు కుదిరింది. "నేను పోనీ అని అరిచాను. జీపు వెనక్కి తోలమనే అన్నాను. మా అన్నయ్య మధ్యలో ఉన్నాడని చూసే అన్నాను. బుల్లబ్బాయి గారి తప్పు లేదు." నాలుగు వాక్యాలయ్యాయి. నువ్వు రెండే అడిగావు.

హెడ్ కానిస్టేబులు సత్యకుమారి గారు కుర్చీ వేశారు. టీ తెప్పించారు. కాగితం చదివి కళ్ళజోడు తీసేశారు.

"ఏంటమ్మా ఇది? మీరు రాశారా?"

"నేనేనండి."

"మీ అన్నగారి మీద బెంగతో ఇలా అనుకుంటున్నారు. మా ఆడపడుచూ అంతే. వాళ్ళ ఆయన పోతే నేనే చంపాను, నేనే చంపాను అని ఏడాది తిరిగింది. కూరలో ఉప్పెక్కువ వేసేదట, అదీ సంగతి."

"నేను చూసే అన్నానండి."

"చూశారమ్మా, సరే. మనసుకి తోచినవన్నీ కేసులో రాయకూడదు. అంతకుముందు పుస్తకాలు చింపినప్పుడు ఏమన్నారు మీరు?"

"పోనీలే అన్నానండి."

"చిన్నప్పటి నుంచీ అదే అంటారట కదా. మీ క్లబ్బు వాళ్ళు ఆరుగురు చెప్పారు. కాన్వెంటు సిస్టరు గారు కూడా చెప్పారు, ఈ అమ్మాయికి వేరే మాట రాదు పాపం అని."

ఆవిడే తెల్లకాగితం తీసుకుని, నన్ను అడుగుతూ రాసుకున్నారు. చివర చదివి వినిపించారు. "సదరు దేవకుమారి పోనీలే అని అనగా, ఇంజను శబ్దము వలన డ్రైవరు పొరపాటుగా గ్రహించి..."

"అండి, నేను 'పోనీలే' అనలేదు. 'పోనీ' అన్నాను. 'లే' లేదు."

ఆవిడ నా వైపు జాలిగా చూశారు. "ఒక్క అక్షరమే కదమ్మా. పోనీలెండి," అన్నారు.

సంతకం పెట్టకుండా నిలబడ్డాను. పెడితే బుల్లబ్బాయి గారు బయటపడతారు. పెట్టకపోతే కేసు సాగుతుంది. నిజం చెప్పడానికి వెళ్ళి, నిజం కానిదాని కింద ఎడమచేత్తో సంతకం పెట్టి వచ్చాను. నేను రాసుకెళ్ళిన కాగితం ఆవిడ మడిచి నా చేతిలోనే పెట్టారు. దాచుకోండి, పదేళ్ళయ్యాక చదువుకుంటే నవ్వొస్తుంది అన్నారు.

నువ్వు కార్డు రాయవచ్చు. నేను చూసే అరిచానని రాయి. నేను చెబితేనే వాళ్ళకి నమ్మకం కుదరలేదు, నువ్వు చెబితే కుదురుతుందా. కాళ్ళు పోయిన మనిషి మూగ చెల్లెలి మీద పడ్డాడంటారు. నన్ను మూగదాన్ని చేసింది నువ్వే. పదకొండేళ్ళు ఊరందరికీ చెప్పావు. అందరూ నేర్చుకున్నారు.

లైసెన్సు బుల్లబ్బాయి గారికి తిరిగిచ్చేశారు. మళ్ళీ బస్సు తోలుతున్నారు. ఆయనకి మాత్రం నిజం చెప్పాను. ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు బాకీ ఉండిపోకూడదని. తోలమన్న పోనీయేనండి, మీరు సరిగ్గానే విన్నారు అన్నాను. సంతోషిస్తారనుకున్నాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయారు. అప్పటినుంచి బస్సు లైబ్రరీ వీధిలోకి రావడం లేదు, చుట్టూ తిరిగి వెళుతోందట. ఆయన భయం న్యాయమే.

ఉద్యోగానికి నువ్వు చెప్పినట్టే రాజీనామా ఇచ్చాను. వేరే ఊళ్ళో వేరే లైబ్రరీలో చేరాను. షెడ్డు తాళంచెవి గణేష్‌బాబు గారి దగ్గర ఉంది. వెనక గదిలో మంచం వేయించాను. చాప వేయలేదు. దూలానికున్న బ్యాగు నీ ఎత్తుకి దించి కట్టించాను. పొట్టు చాలావరకు కారిపోయింది, గుద్దితే గోడ తగులుతుంది. చూసుకో.

ముసలయ్య గారికి విడిగా ఉత్తరం రాశాను. దిండు పట్టుకోవద్దని రాశాను.

ఒకటి మిగిలింది. సత్యకుమారి గారు నా పేరు మీద రాసిన ఆ ఒక్క అక్షరం. నేను ఆ రోజు అది అనలేదు. అనని మాట నా పేరు మీద ఉండటం నాకు ఇష్టం లేదు. అది మొదటి నుంచీ నీదే, షెడ్డులో రోజూ నా తల దగ్గర నిలబడి అనేవాడివి. నీకు తిరిగి పంపేస్తున్నాను. ఎనిమిది దాకా లెక్కపెట్టుకో, అది రూలు.

లే.

దేవకుమారి